ఆకుకూరకు ‘వేరు’ పేరు – రాడిక్కియో కథ

వైద్యుని వద్దకు ప్రజలు రోగాలను మాత్రమే తీసుకొని రారు, సందేహాలను కూడా తీసుకొని వస్తారు. బోడుప్పల్‌లో నా వైద్యశాలకు తరచుగా వచ్చే ఒక గృహిణి కొద్ది కాలం క్రితం సంచిలోనుండి ప్లాస్టిక్ పొట్లం ఒకటి తీసి బల్లపై పెట్టారు. ఉద్యోగం చేస్తున్న కోడలు ఫోనులో కూరగాయలకు ఆర్డరు పెట్టినదట. వచ్చిన వాటిలో ముదురు ఎరుపు రంగులో, తెల్లని ఈనెలతో, పిడికిలంత ఉండ ఒకటి ఉన్నది. ఎర్ర క్యాబేజీ అనుకొని ఈవిడ సగం తరిగి కూర వండారు. ముద్ద నోట పెట్టిన వారందరూ చేదు, చేదు అని లేచిపోయారు.

“ఇది విషపు ఆకు కాదు గదా సార్? పొట్లం మీద పేరు రాడిచ్చియో అని ఉన్నదట. ఆ పేరుకు అర్థమేమిటి?” అని అడిగారు.

మొదటి ప్రశ్నకు సమాధానం ఒక్క మాటలో అయిపోయినది. విషం కాదమ్మా, ఆకుకూరే. రెండవ ప్రశ్నకే ఈ వ్యాసం. ఎందుకంటే ఆ పేరు వెంట నడిచి వెళ్తే మన ఇంటి కాఫీ డబ్బా, పాత నగరంలోని యునానీ దుకాణం మాత్రమే గాక, మన కాలనీల ఖాళీ స్థలాలలో పెరిగే ఒక ప్రమాదకరమైన మొక్క కూడా ఎదురవుతాయి.

ముందు ఉచ్చారణ. ఇది ఇటలీ దేశపు మాట. ఇంగ్లీషు చదివిన మన పిల్లలు ‘రాడిచ్చియో’ అని చదువుతారు గాని, ఇటాలియన్ భాషలో ఆ అక్షరాల కూర్పును ‘క్కి’ అని పలకాలి. కనుక రాడిక్కియో అన్నదే సరియైన పలుకు.

ఇక అర్థం. లాటిన్ భాషలో ‘రాడిక్స్’ అంటే వేరు. దానికి చిన్నతనాన్ని సూచించే ప్రత్యయం చేర్చితే ‘రాడికులా’, అనగా చిన్న వేరు. లాటిన్ మాటలు జనం నోట నలిగి ఇటాలియన్‌గా మారినప్పుడు ‘కుల’ అనే చివరి భాగం ‘క్కియో’ అయినది. కన్ను అనే అర్థం గల ‘ఓకులుస్’ ఇటాలియన్‌లో ‘ఒక్కియో’ అయినది. చెవి అనే అర్థం గల ‘ఔరికులా’ కూడా అదే దారిలో ‘ఒరెక్కియో’ అయినది. రాడిక్కియో ఆ వరుసలోనిదే. ముల్లంగిని ఇంగ్లీషులో రాడిష్ అనడానికీ, సమూలంగా నిర్మూలించడాన్ని ఎరాడికేట్ అనడానికీ మూలం ఈ రాడిక్స్ శబ్దమే. లెక్కలలో వర్గమూలానికి వాడే గుర్తును రాడికల్ అంటారు. అక్కడా మూలమే, ఇక్కడా మూలమే.

ఆకును తినే కూరకు ‘చిన్న వేరు’ అని పేరు పెట్టడమేమిటి అని పాఠకులకు వింతగా తోచవచ్చును. కాని మనం ఆశ్చర్యపోవలసిన పని లేదు. అదే పని మనమూ చేశాము, మరచిపోయాము. ‘మూలిక’ అనే మాటను ఒకసారి విడదీసి చూడండి. మూలం అంటే వేరు. దానికి ‘ఇక’ చేరితే మూలిక. సంస్కృతంలో ఈ ‘ఇక’ చాలాచోట్ల చిన్నదనాన్ని చెప్పే ప్రత్యయం. అనగా మూలిక అన్నా చిన్న వేరే. అయినా నేడు తులసి ఆకునూ, కరక్కాయనూ, మద్దిపట్టనూ అన్నిటినీ మూలికలనే అంటున్నాము. వేరుకు పెట్టిన పేరు మొక్క మొత్తానికి పాకినది. ఇటలీ రైతు రాడిక్కియో అన్నా, మన పల్లెటూరి వైద్యుడు మూలిక అన్నా, పేరు పుట్టిన తీరు ఒక్కటే. ఒకరిని చూచి మరొకరు పెట్టుకొన్నది కాదు.

ముల్లంగి విషయంలో ఈ పోలిక మరింత స్పష్టం. వారు రాడిక్స్ నుండి రాడిష్ చేసినట్లే, మన సంస్కృతం మూలం నుండి ‘మూలకం’ చేసినది. ఆయుర్వేద గ్రంథాలలో మూలకం అంటే ముల్లంగియే.

పేర్లు ఎట్లా పుడతాయి?

మా గురుకులంలో మందు నూరడం కంటె ముందు నిఘంటువు వల్లించవలసి ఉండేది. ఒక్కొక్క ఓషధికి పది, ఇరవై పర్యాయపదాలు. చిన్నతనంలో అది శిక్షగా తోచేది. ఎందుకు అన్ని పేర్లు అంటే, ప్రతి పేరూ ఆ మొక్క గురించి ఒక సాక్ష్యం చెబుతుంది. రాజనిఘంటువును రచించిన నరహరి పండితుడు ఓషధులకు పేర్లు ఏర్పడే మార్గాలు ఏడు అన్నాడు. అవి రూఢి, ప్రభావం, దేశ్యోక్తి, లాంఛనం, ఉపమ, వీర్యం, ఇతరాహ్వయం. జనవ్యవహారంలో స్థిరపడిన పేరు రూఢి. ఫలానా పని చేస్తుంది గనుక వచ్చిన పేరు ప్రభావం. ఆయా ప్రాంతాల ప్రజలు పిలిచే పేరు దేశ్యోక్తి. కంటికి కనిపించే గుర్తును బట్టి వచ్చినది లాంఛనం. ఎలుక చెవివంటి ఆకు గలది గనుక మూషికపర్ణి అన్నది ఉపమ. మిగిలినవాటి వివరణ ఇక్కడ అవసరం లేదు.

మనం పిల్లిపీచర అని పిలిచే శతావరికి ‘శతమూలి’ అని పేరున్నది. త్రవ్వి చూస్తే గుత్తులు గుత్తులుగా వేర్లు ఉంటాయి గనుక, అది లాంఛనం. రాడిక్కియో కూడా లాంఛనం క్రిందికే వస్తుంది. ఆ మొక్కను పెరికితే ముల్లంగిలా నిలువుగా దిగిన బలమైన తల్లివేరు వస్తుంది. ఇటలీకి ఈశాన్యాన, వెనిస్ నగరానికి సమీపంలో ట్రెవీజో అనే పట్టణం ఉన్నది. అక్కడ ఆలస్యంగా కోతకు వచ్చే రకాన్ని చలి ముదిరిన తరువాత వేరుతో సహా పెరికి, చీకటి గదులలో వేళ్లు నీటిలో మునిగేటట్లు నిలుపుతారు. వేరులోని బలంతో లోపలినుండి క్రొత్త చిగురు వస్తుంది. వెలుతురు లేనందున ఈనెలు పాలవలె తెల్లగా, అంచులు ఎర్రగా, చేదు తగ్గి, ఆకు కరకరలాడుతూ ఉంటుంది. పై ఆకులు తీసివేసి, వేరును చెక్కి, దాని ముక్కను ఆకుల గుత్తికి అంటిపెట్టుకొనే ఉండనిచ్చి అమ్ముతారు. పేరులోని వేరు అంగడి దాకా వచ్చినదన్నమాట. ఆ ప్రాంతపు రకాలైన ట్రెవీజో, కాస్టెల్‌ఫ్రాంకో రాడిక్కియోల పేర్లకు 1996లో ఐరోపా సమాజం భౌగోళిక గుర్తింపునిచ్చి రక్షణ కల్పించినది. మన నగరానికి వచ్చే ఉండల రకానిది కియోజ్జా అనే సముద్రతీర పట్టణపు పేరు.

అది మనకు చుట్టమే

ఇంతకూ రాడిక్కియో ఏ మొక్క? చికోరీ మొక్క. ఆకు కోసం పెంచిన ఎర్ర రకాన్ని రాడిక్కియో అంటారు. వేరు కోసం పెంచిన రకాన్ని ఎండబెట్టి, వేయించి, పొడి చేసి కాఫీలో కలుపుతారు. జాతి ఒక్కటే. రోజూ ఉదయం ఫిల్టరు కాఫీ త్రాగే ఇంట్లో రాడిక్కియో పేరు వినకపోయినా, దాని తోబుట్టువు వేరును ఏనాటినుండో సేవిస్తూనే ఉన్నారు. 1806లో నెపోలియన్ ఇంగ్లండుతో వర్తకాన్ని నిషేధించినప్పుడు ఫ్రాన్సులో కాఫీకి కరవు వచ్చి, ఈ వేరు పొడికి గిరాకీ పెరిగినది. అవసరానికి వచ్చిన అలవాటు రుచిగా స్థిరపడినది. మన దేశపు నిబంధనల ప్రకారం కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదు, ఎంత చికోరీ కలిపినదీ పొట్లం మీద ముద్రించాలి. ఒకసారి మీ వంటింటి డబ్బా త్రిప్పి చదవండి. ‘చిక్కని డికాక్షను’ అని మెచ్చుకొనేది చాలామంది విషయంలో కాఫీని కాదు, ఈ వేరునే.

పచ్చి వేరులో నూటికి సుమారు 15 నుండి 20 పాళ్లు ఇన్యులిన్ అనే పిండిపదార్థం ఉంటుంది. అది చిన్నప్రేవులలో జీర్ణం కాక, పెద్దప్రేవులలోని మేలు చేసే సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. అందువల్లనే కొందరికి కడుపు ఉబ్బరం కూడా కలుగుతుంది. ఇన్యులిన్ అన్న పేరు ఇన్యులా అనే మొక్కల ప్రజాతి నుండి వచ్చినది. ఆ ప్రజాతిలోనిదే మన పుష్కరమూలం. ఎటు తిరిగినా మూలం దగ్గరికే వస్తున్నాము.

చార్మినారు ప్రక్కన నిజామియా యునానీ ఆసుపత్రి ఉన్నది. యునానీ హకీములకు ఈ మొక్క చిరపరిచితం. వారు దీనిని పారశీక నామంతో ‘కాస్నీ’ అంటారు. గింజ ‘తుఖ్మె కాస్నీ’, వేరు ‘బేఖె కాస్నీ’. ఇవి రెండూ చేరిన ‘షర్బతె బజూరీ’ మూత్రం సాఫీగా జారీ కావడానికి ఇచ్చే పానకం. పచ్చి ఆకుల రసాన్ని వేడిచేసి, విరిగిన తరువాత వడగట్టిన తేటను కాలేయపు వాపులలో వాడతారు. దానికి తోడుగా కామంచి ఆకు రసాన్ని కూడా అట్లే తేర్చి ఇస్తారు. ఇబ్న్ సీనా అనే మహావైద్యుడు ఈ కాస్నీ పైన ప్రత్యేకంగా చిన్న గ్రంథమే వ్రాశాడు. చరక సుశ్రుతుల కాలపు మన సంహితలలో దీనికి స్థానం లేదు. తరువాతి కాలంలో ‘కాసని’ అనే పేరుతో మన వైద్యులు దీనిని స్వీకరించారు. అది అరువు తెచ్చుకొన్నదని ఒప్పుకోవడానికి నాకు చిన్నతనం లేదు. మంచి ద్రవ్యం ఏ దిక్కునుండి వచ్చినా ద్రవ్యమే. 1955లో వచ్చి నేటికీ మధ్యతరగతి ఇళ్లలో కనిపించే ‘లివ్ 52’ మాత్రల పొట్లం మీది జాబితాలో కాసని పేరు ఉంటుంది.

పేరు మోసం చేసే చోటు

ఇక్కడినుండి పాఠకులు కొంచెం జాగ్రత్తగా చదవాలి.

పేరు సాక్ష్యం చెబుతుందన్నాను. కాని సాక్షి ఏ భాషవాడో తెలియకుండా వాంగ్మూలం తీసుకోరాదు. చికోరీని అరబ్బీలో ‘హిందిబా’ అంటారు. ‘హింద్’ అని వినబడగానే ఇది హిందూదేశం నుండి వెళ్లినదని గర్వంగా చెప్పేవారున్నారు. అది సరికాదు. గ్రీకు, లాటిన్ భాషలలో చికోరీ జాతికి ఉన్న ‘ఎంటుబోన్’, ‘ఇంటుబుస్’ అనే పాత పేర్లకు చెందిన మాట అది. ఎండివ్ అనే ఇంగ్లీషు పేరు కూడా వాటి సంతానమే. ధ్వని కలిసినంతమాత్రాన చుట్టరికం కలియదు.

ఆ పొరపాటు వలన ఎవరికీ హాని లేదు. రెండవ దానివలన ఉన్నది. ‘కాసని’ అనగానే సంస్కృతం కొద్దిగా తెలిసినవారికి ‘కాస’ శబ్దం గుర్తుకు వస్తుంది. కాసం అంటే దగ్గు. కాసాన్ని మర్దించేది గనుక కాసమర్దం. ఇది నరహరి చెప్పిన ప్రభావనామం. ఆ కాసమర్దాన్నే తెలుగులో కసివింద, కసింద అంటాము. పారశీకపు కాస్నీకీ, సంస్కృతపు కాసమర్దానికీ మాటలోగాని, మొక్కలోగాని ఏ సంబంధమూ లేదు. కాస్నీ చేమంతి కుటుంబపు మొక్క. కసివింద తంగేడు కుటుంబపు మొక్క. చిక్కేమిటంటే, పైన చెప్పిన మాత్రల జాబితాలో కాసని, కాసమర్దం రెండూ ఉంటాయి. కసివింద గింజలను కూడా కొన్ని దేశాలలో వేయించి కాఫీకి బదులు వాడతారు. పేర్లు దగ్గర, వాడుక దగ్గర. మనిషి పొరబడడానికి ఇంతకంటె ఏమి కావాలి?

మా ప్రాంతంలోనే ఇది జరిగినది. ఒక వృద్ధురాలు మనుమనికి కామెర్లని తెలిసి కలత చెంది ఉండగా, ఎవరో ‘కాసని గింజలు కాలేయానికి మంచివి’ అని చెప్పారట. ఇంకొకరు ఆ పేరును కసివిందగా విన్నారు. ఇంటి వెనుక రిజిస్ట్రేషను అయి ఇల్లు కట్టని స్థలంలో కసివింద నడుమెత్తు పెరిగి ఉన్నది. ఆమె కాయలు కోసి, గింజలు ఒలిచి, దోసెడు గింజలు గిన్నెలో పోసుకొని, ఎంత మోతాదులో నూరి ఇవ్వాలో అడగడానికి నా వద్దకు వచ్చారు. అడగడానికి వచ్చారు గనుక సరిపోయినది.

“ఒక్క గింజయినా పెట్టారా అమ్మా?” అని అడిగాను. లేదన్నారు. గింజలు అక్కడే పారవేయించి, బాలుని పిల్లల వైద్యుని వద్దకు రక్తపరీక్షకు పంపించాను. వారం వారం పరీక్షలతో, పథ్యంతో పిల్లవాడు కోలుకొన్నాడు.

నేను ఎందుకు అంతగా కంగారుపడ్డానో చెప్పాలి. కసివింద పచ్చికాయలలోని గింజలు బఠాణీలని భ్రమించి పిల్లలు తింటారు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ ప్రాంతంలో ఏటేటా చలికాలపు ముంగిట పసిపిల్లలు హఠాత్తుగా వాంతులు, మగత, స్పృహ తప్పడం వంటి లక్షణాలతో మరణిస్తుండగా, అది మెదడువాపు వ్యాధి అని చాలాకాలం భావించారు. అక్కడి వైద్యులు పరిశోధించి, కసివింద గింజల విషం కాలేయాన్నీ, కండరాలనూ, మెదడునూ ఒకేసారి దెబ్బతీస్తున్నదని 2007 ప్రాంతంలో వెల్లడించారు. 2016లో మన పొరుగున, ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో ఎందరో గిరిజన బాలలు మరణించారు. కొందరిలో జపనీస్ మెదడువాపు తేలగా, మరికొందరి విషయంలో కసివింద గింజలే కారణమని నిపుణుల బృందం చెప్పినది. వాంతులతో మొదలై, పిల్లవాడు మత్తుగా, వింతగా ప్రవర్తిస్తున్నాడంటే గృహవైద్యం కోసం ఒక్క నిమిషం కూడా వృథా చేయరాదు. పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. గింజలు తిన్నాడన్న అనుమానం ఉంటే ఆ సంగతి వైద్యునికి చెప్పాలి.

కసివింద ఆయుర్వేదంలో ఓషధి కాదా అంటే, ఓషధియే. కాని శుద్ధి, సంస్కారం, మోతాదు తెలిసిన చేతిలోని ద్రవ్యం వేరు, ఖాళీ స్థలంలో కోసుకొచ్చిన పచ్చిగింజ వేరు. పసులకాపరులు, అడవిలో తిరిగేవారు ఓషధులను పేరుతోనూ, రూపంతోనూ ఎరుగుదురు గాని, ప్రయోగం ఎరిగినవాడే వైద్యుడని చరకుడు చెప్పినాడు. మన కాలనీలలో ఇప్పుడు రూపం కూడా తెలియకుండా పేరు మాత్రమే మిగిలినది.

రూపం చెబుతాను, గుర్తుంచుకోండి. కసివిందకు పసుపుపచ్చని పూవులు, జంటలుగా ఆకులు, నలిపితే వెగటు వాసన. కొడవలివలె కొద్దిగా వంగి, నిక్కి నిలబడే పొడవాటి కాయలు. గింజలు చదునుగా గుండ్రంగా ఉంటాయి. వర్షాలు వెనుకబట్టిన తరువాత కాయ తయారవుతుంది. కాస్నీకి కాయే ఉండదు. ఆకాశనీలపు పూవులు ఉదయం విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకొంటాయి. గింజలు నువ్వులకంటె సన్నవి. కాడ త్రుంచితే పాలు కారుతాయి. కాస్నీ మన ఖాళీ స్థలాలలో తనంతట తాను మొలిచే కలుపుమొక్క కాదు. కనుక బోడుప్పల్, నాచారం, ఉప్పల్ వీధులలో ‘ఇదే కాసని’ అని ఎవరైనా రోడ్డుప్రక్క మొక్కను చూపితే నమ్మవద్దు. పిల్లలు ఆడుకొనే చోట కసివింద ఉంటే పూతకు రాకముందే పెరికించివేయండి. ఇది ఏ మందుకంటెనూ మేలైన పని.

ఇంతకూ రాడిక్కియోను తినవచ్చునా?

తినవచ్చును. ఎర్ర క్యాబేజీతో పొరబడకుండా ముందు చూచుకోండి. క్యాబేజీ ఆకు దళసరి, బరువు, కోస్తే ఊదారంగు. రాడిక్కియో ఆకు పలుచన, తేలిక, ఈనెలు తెలుపు, మొదలు దగ్గర కోస్తే పాలచుక్కలు. రుచి చూస్తే ఇక సందేహమే ఉండదు.

ఆ చేదును చూచి భయపడవలసిన పని లేదు. తిక్తరసం నాలుకకు రుచించకపోయినా అరుచిని పోగొడుతుందని, కఫపిత్తాలను హరిస్తుందని శాస్త్రం. అతిగా తింటే వాతాన్ని పెంచి ధాతువులను ఎండిస్తుందనీ శాస్త్రమే చెప్పినది. కనుక బక్కపలుచని వారు, నిద్ర తక్కువవారు, కీళ్లనొప్పులతో బాధపడేవారు నెయ్యి లేకుండా చేదుకూరలను తరచుగా తినరాదు. ఈ కూర కోసం ప్రత్యేకంగా డబ్బు వెచ్చించనవసరం లేదని కూడా నా అభిప్రాయం. కాకర, మెంతికూర, ఎండబెట్టిన వేపపూత మన ఇంట్లో ఉండగా తిక్తరసానికి ఇటలీ దాకా పోవలసిన అగత్యమేమున్నది? ఇంటికి వచ్చినదానిని పారవేయనక్కరలేదు, అంతే.

సన్నగా తరిగి చన్నీళ్లలో పావుగంట నానవేసి పిండితే చేదు కొంత దిగుతుంది. పెసరపప్పు సగం ఉడికిన తరువాత వేసి, మెంతికూర పప్పు చేసినట్లే చేసి, నేతిలో జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టండి. చిన్న బెల్లంముక్క వేస్తే పిల్లలు కూడా తింటారు. పొయ్యిమీదినుండి దించాక నిమ్మరసం పిండితే ఎరుపు కొంతైనా నిలుస్తుంది. సోడాఉప్పు మాత్రం వేయవద్దు, రంగు నీలంగా మారుతుంది.

పిత్తాశయంలో రాళ్లున్నవారు, చేమంతి జాతి పూలకు ఒళ్లు దద్దురులెక్కేవారు దీనిని మానుకోవడం మంచిది. గర్భిణులు కాస్నీ గింజలు, వేరు మందుగా వాడరాదు. మరొక్కటి. గుండె కవాటాల శస్త్రచికిత్స తరువాత వార్‌ఫరిన్ వాడేవారు మన కుటుంబాలలో చాలామంది ఉన్నారు. పచ్చి రాడిక్కియో 100 గ్రాములలో సుమారు 255 మైక్రోగ్రాముల విటమిన్ ‘కె’ ఉంటుంది. ఆకస్మికంగా ఎక్కువ తింటే ఆ మందు పని తగ్గిపోతుంది. అటువంటివారు ఏ ఆకుకూరనైనా రోజూ దాదాపు ఒకే పరిమాణంలో తినాలి, క్రొత్తది మొదలుపెట్టే ముందు గుండె వైద్యునికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.